ఒక బీపీ, ఆరు రాతలు



రాత్రి రెండు గంటలైందనుకోండి. ముప్పై పడకల నర్సింగ్ హోమ్. అది నరసరావుపేట బరంపేటలో ఉండొచ్చు, పిడుగురాళ్ళలో ఉండొచ్చు, మాచర్లలో ఉండొచ్చు. వార్డులో ఒక్క సిస్టరే ఉన్నారు. ఏడో నంబరు మంచం మీద పాము కరిచిన రైతు. మిరప చేనుకు నీళ్ళు పెట్టడానికి వెళ్ళిన మనిషి. సిస్టర్ ఆయన బీపీ చూశారు. 100/60 ఉంది.

ఇప్పుడు ఆ అంకె ఎక్కడెక్కడికి పోతుందో చూద్దాం.

బీపీ చూసేటప్పుడు సిస్టర్ చేతిలో పుస్తకం లేదు. అందుకని ముందు దూది చుట్ట అట్ట మీద రాసుకున్నారు. అది మొదటి రాత. మంచం కాళ్ళ దగ్గర చార్టు వేలాడుతోంది. దాంట్లో ఎక్కించారు. రెండు. తన బల్ల దగ్గరికి వచ్చి కేస్ షీటు తీశారు. టైము వేసి నోట్సు రాశారు. మూడు. పెద్ద డాక్టరుగారు ఇంటి దగ్గర ఉన్నారు. ఆయనకు వాట్సాప్‌లో పంపారు. నాలుగు. పొద్దున వచ్చే సిస్టర్‌కు డ్యూటీ అప్పజెప్పాలి కదా, అందుకని రిపోర్టు బుక్కులో రాశారు. ఐదు. యాజమాన్యం ఈ మధ్యే కంప్యూటర్ పెట్టించింది. తెల్లవారుజామున కాస్త తీరిక చూసుకుని అందులో కొట్టారు. ఆరు.

బీపీ చూడటానికి రెండు నిమిషాలు పట్టింది. రాతకు అంతకు ఎన్నో రెట్లు పట్టింది. మధ్యలో నాలుగో మంచం దగ్గర నుంచి కేక. "సిస్టరమ్మా, సెలైన్ అయిపోవచ్చింది!" కలం కింద పెట్టి పరిగెత్తారు. తిరిగొచ్చాక ఎందులో రాశారో, ఎందులో రాయలేదో మళ్ళీ పేజీలు తిప్పి చూసుకోవాలి.

కంప్యూటర్ వచ్చింది. పాత ఐదు రాతలూ ఐదుగానే ఉన్నాయి. వాటికి ఆరోది తోడైంది.

శ్రోతలారా, ఈ ప్రసంగంలో చెప్పదలచిన మాట ఒక్కటే. ఏ సంగతైనా ఒక్కసారే రాయాలి. మంచం దగ్గరే రాయాలి. అలా రాయడం కుదిరిన రోజున పాత రిజిస్టరు మూసెయ్యాలి. కంప్యూటర్ కొన్నంత మాత్రాన సిస్టర్ పని తగ్గదు. రెండో రాత ఆగినప్పుడే తగ్గుతుంది.

ఇంట్లో పాల లెక్క చూడండి. గోడ క్యాలెండర్ మీద తేదీ పక్కన లీటరో, అరలీటరో వేస్తారు. నెలాఖరుకు కూడుకుంటారు. సరిపోతుంది. అదే లెక్క క్యాలెండర్ మీద ఒకసారి, ఇంటాయన డైరీలో ఒకసారి, అమ్మాయి ఫోన్‌లో ఒకసారి వేశారనుకోండి. వచ్చిన పాలు అవే. రాత మాత్రం మూడింతలు. నెల తిరిగేసరికి మూడు లెక్కలూ కలవవు. తప్పు ఎందులో ఉందో వెతకడానికి ఒక పూట పోతుంది. వార్డులో జరుగుతున్నదీ ఇదే. అక్కడ లెక్క తప్పితే ఒక ఇంజెక్షన్ రెండుసార్లు పడుతుంది. లేదా అసలు పడదు.

ఈ సంగతిని గడియారం పెట్టి కొలిచి చూసినవాళ్ళు ఉన్నారు. ఆస్ట్రేలియాలో వొలొంగాంగ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఒక వృద్ధుల నర్సింగ్ హోమ్‌ను ఎంచుకున్నారు. కంప్యూటర్ రాకముందు సిబ్బంది ఏ పనికి ఎంతసేపు పెడుతున్నారో చూశారు. వచ్చిన తర్వాత మళ్ళీ చూశారు. 2011లో ఫలితం ప్రచురించారు. రాతకు పట్టే సమయం తగ్గలేదు. సిబ్బంది కొన్ని సంగతులు కాగితం మీద, కొన్ని కంప్యూటర్‌లో, కొన్ని రెండింటిలోనూ రాస్తూ వచ్చారు. సమయం తగ్గకపోవడానికి ఇది ఒక కారణమై ఉండొచ్చని పరిశోధకులు రాశారు.

ఇంకో లెక్క కూడా వినాలి. కెనడా పరిశోధకులు కొందరు అప్పటిదాకా వచ్చిన ఇలాంటి అధ్యయనాలన్నీ ఒకచోట చేర్చి 2005లో బేరీజు వేశారు. మంచం దగ్గరే కంప్యూటర్ ఉన్నచోట నర్సులకు రాత సమయం 24.5 శాతం తగ్గింది. అంటే దాదాపు నాలుగో వంతు. గంట రాసే చోట ముప్పావు గంట. అదే లెక్కలో డాక్టర్ల సంగతి వేరేగా తేలింది. మంచం దగ్గరి కంప్యూటర్ వల్ల వాళ్ళ రాత సమయం 17.5 శాతం పెరిగింది.

2016లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనం డాక్టర్ల గురించే. రోగితో ఎదురుగా కూర్చున్న ఒక్కో గంటకు, కంప్యూటర్ ముందు, బల్ల దగ్గర ఇంకో రెండు గంటల దాకా పోతోందని అది చెప్పింది. ధనిక దేశం. ఖరీదైన సాఫ్ట్‌వేర్. అయినా అంతే.

ఒకచోట పని తగ్గింది. ఒకచోట తగ్గలేదు. ఒకచోట పెరిగింది. కారణాలు చాలా ఉంటాయి. వాటిలో చిన్న నర్సింగ్ హోమ్ చేతిలో ఉన్నవి రెండు. రాత మంచం దగ్గర జరుగుతోందా? కాగితం రాత ఆగిందా?

ఇక పల్నాడుకు వద్దాం. ఇక్కడి ఆసుపత్రులకు కంప్యూటర్ రాత కొత్తేమీ కాదు. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మూడు జిల్లాల్లో మొదలైంది. 2008 జులై నాటికి ఉమ్మడి రాష్ట్రమంతటికీ వచ్చింది. అప్పుడు పల్నాడు గుంటూరు జిల్లాలో ఉండేది. ఆపరేషన్‌కు ముందు అనుమతి ఆన్‌లైన్‌లోనే తీసుకోవాలి. ఫొటోలు, పరీక్షల రిపోర్టులు, కేస్ షీటు అప్‌లోడ్ చెయ్యాలి. బిల్లు కూడా ఆన్‌లైన్‌లోనే పెట్టాలి. ఇప్పుడు ఆ పథకం పేరు ఎన్టీఆర్ వైద్యసేవ. పేరు మారినా రాత మారలేదు. పథకం కింద చేరిన పేషెంటు కాగితాలు ఆసుపత్రి లెక్కకు ఒకసారి, పథకం లెక్కకు ఒకసారి తయారవుతాయి.

అక్కడితో అయిపోదు. టీబీ కేసు వస్తే ప్రైవేటు ఆసుపత్రి కూడా ప్రభుత్వానికి తెలపాలని 2012లో ఉత్తర్వు వచ్చింది. దానికి నిక్షయ్ పోర్టల్ ఉంది. గర్భిణికి స్కానింగ్ చేస్తే, లింగ నిర్ధారణను అడ్డుకోవడానికి పెట్టిన ఫారం ఎఫ్ నింపాలి. ఇవన్నీ అవసరమైనవే. ఫారం ఎఫ్ వెనక ఆడపిల్లల ప్రాణాలు ఉన్నాయి. నిక్షయ్ వెనక ఊరి ఆరోగ్యం ఉంది. వీటిని తీసెయ్యమని ఎవరూ అనరు. పేషెంటు పేరు, వయసు, ఊరు, ఫోన్ నంబరు మాత్రం ప్రతిచోటా మొదటి నుంచి మళ్ళీ కొట్టాల్సి వస్తోంది. ఆ పని చివరికి సిస్టర్ మీదో, కౌంటర్‌లో అమ్మాయి మీదో పడుతుంది.

ఈ బరువు బాగా తెలిసినవాళ్ళు ఊళ్ళలో తిరిగే ఏఎన్ఎమ్‌లు. వాళ్ళ అనుభవం నర్సింగ్ హోమ్‌ల వాళ్ళు తప్పకుండా వినాలి. 2016లో యునిసెఫ్ సహకారంతో అన్మోల్ అని ఒక యాప్ వచ్చింది. ఏఎన్ఎమ్ చేతికి టాబ్ ఇచ్చి, గర్భిణుల, పసిపిల్లల వివరాలు అందులో ఎక్కించమన్నారు. ముందుగా మొదలుపెట్టిన రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ యాప్‌లో ఒక మంచి ఏర్పాటు ఉంది. సిగ్నల్ లేకపోయినా రాసుకోవచ్చు. సిగ్నల్ ఉన్నచోటికి వచ్చాక వివరాలు వాటంతట అవే పైకి పోతాయి. వెల్దుర్తి వైపో, బొల్లాపల్లి వైపో నల్లమల అంచు ఊళ్ళకు వెళ్ళే మనిషికి ఇది ఎంత అవసరమో చెప్పక్కర్లేదు.

టాబ్ వచ్చాక సంచిలో రిజిస్టర్ల బరువు తగ్గుతుందనుకున్నారు. ఆ తర్వాత బీపీ, షుగర్ సర్వేకు ఒక యాప్ వచ్చింది. టీకాలకు యూ-విన్ వచ్చింది. టీబీకి నిక్షయ్ ఉండనే ఉంది. హాజరుకు ముఖం చూపించే యాప్ వచ్చింది. ఏఎన్ఎమ్‌లు, ఆశా కార్యకర్తలు ఆన్‌లైన్ పని భారం తగ్గించమని చాలాసార్లు అడిగారు. అంగన్‌వాడీ కార్యకర్తలు యాప్‌లన్నీ కలిపి ఒకటే చెయ్యమని అడుగుతూనే ఉన్నారు. ఈ కోరికలో పని ఎగ్గొట్టాలన్న ఆలోచన లేదు. ఒకే బిడ్డ బరువును రెండుసార్లు ఎందుకు ఎక్కించాలన్నదే వాళ్ళ ప్రశ్న. అది న్యాయమైన ప్రశ్న.

ఊళ్ళ వైద్యానికి ఇంకో ఆన్‌లైన్ రాత కూడా తోడైంది. 2023 ఏప్రిల్ 6న ఫ్యామిలీ డాక్టర్ కార్యక్రమాన్ని పల్నాడు జిల్లాలోనే మొదలుపెట్టారు. చిలకలూరిపేట దగ్గర లింగంగుంట్లలో అప్పటి ముఖ్యమంత్రి ప్రారంభించారు. విలేజ్ క్లినిక్‌లో 14 రకాల పరీక్షలు, 105 రకాల మందులు ఉంటాయని చెప్పారు. పీహెచ్‌సీ డాక్టరు 104 వాహనంలో ఊరికి వస్తారని చెప్పారు. ఆయన చూసిన రోగి వివరాలు ఆన్‌లైన్‌లో ఎక్కుతాయన్నారు. దానికి ముందే, 2021 సెప్టెంబరు 27న, దేశమంతటా ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ మొదలైంది. అందులో కోరిన ప్రతి మనిషికీ 14 అంకెల ఆభా నంబరు ఇస్తారు. ఆభా ఉన్న పేషెంటు ఆసుపత్రిలో పెట్టిన క్యూఆర్ కోడ్‌ను ఫోన్‌తో స్కాన్ చేస్తే చాలు. పేరు, వయసు, చిరునామా ఓపీ కౌంటర్‌కు చేరిపోతాయి. ఎవరూ మళ్ళీ అడగక్కర్లేదు, కొట్టక్కర్లేదు. ఒక్కసారే రాయడం అంటే ఇది.

డిజిటల్ రాత వల్ల మేలు ఎక్కడుందో ఇప్పుడు చూద్దాం. మళ్ళీ ఏడో నంబరు మంచం దగ్గరికి వెళ్దాం.

పాము కాటు కేసులో టైమే వైద్యం. గాజు గొట్టంలో 2 మిల్లీలీటర్ల నెత్తురు తీస్తారు. 20 నిమిషాలు కదపకుండా ఉంచుతారు. తర్వాత వంచి చూస్తారు. నెత్తురు గడ్డకట్టకపోతే విషం ఎక్కినట్టు. అప్పుడు విరుగుడు మందు పెడతారు. కొన్ని గంటల తర్వాత అదే పరీక్ష మళ్ళీ చేస్తారు. పరీక్ష ఎన్నింటికి చేశారు? ఎన్ని వయల్స్ పెట్టారు? మూత్రం ఎంత వచ్చింది? ఈ మూడు అంకెల మీదే తర్వాతి నిర్ణయం నిలబడుతుంది.

ఆ రైతును మాచర్ల నుంచి నరసరావుపేటకో, గుంటూరు పెద్దాసుపత్రికో పంపాల్సి వస్తే ఏమవుతుంది? ఇప్పుడైతే ప్లాస్టిక్ కవర్లో కాగితాలు పెట్టి ఇస్తారు. అందులో సగం చేతిరాత. "ఎన్ని వయల్స్ ఎక్కించారమ్మా?" అని అక్కడి డాక్టరు రైతు భార్యను అడుగుతారు. ఆమె ఏం చెబుతుంది? ఎక్కించారయ్యా, చాలా ఎక్కించారు అంటుంది. అక్కడి నుంచి ఫోన్ వస్తుంది. సిస్టర్ మళ్ళీ కేస్ షీటు వెతకాలి. అదే మంచం దగ్గర టైముతో సహా ఒక్కసారి టాబ్‌లో ఎక్కించి ఉంటే, ఒక పేజీ రెఫరల్ సమ్మరీ అప్పటికప్పుడు అచ్చులో వస్తుంది. ఆ కాపీ అంబులెన్స్ ఎక్కే లోపలే ఆయన చేతిలో ఉంటుంది. ఇక్కడ రాత వల్ల సిస్టర్‌కు పనీ తగ్గింది, రోగికి మేలూ జరిగింది.

మరి ఏం చెయ్యాలి? చాలా ఆసుపత్రులు ఒక దారి ఎంచుకుంటున్నాయి. సిస్టర్లు కాగితం మీద రాస్తారు. పగలు ఒక కుర్రాడు కూర్చుని కంప్యూటర్‌లో కొడతాడు. చూడటానికి బాగానే ఉంటుంది. కానీ ఆ కుర్రాడు వార్డులో లేడు. రోగిని చూడలేదు. "సిస్టర్, ఇది ఏడా, ఒకటా?" అని కేస్ షీటు పట్టుకుని వస్తాడు. అప్పటికి రాసిన సిస్టర్ డ్యూటీ దిగి ఇంటికి వెళ్ళి నిద్రపోతుంటారు. ఆమెకు ఫోన్ చేస్తారు. కాగితం రాత ఆగలేదు. పైగా నిద్ర చెడింది. ఈ పద్ధతి మంచిది కాదు.

మంచి పద్ధతి చిన్నగా మొదలవుతుంది. ఒక్క చార్టు ఎంచుకోండి. జ్వరం, నాడి, బీపీ రాసే చార్టు చాలు. మందుల ట్రాలీ మీద ఒక టాబ్ బిగించండి. సిస్టర్ మంచం దగ్గరికి ట్రాలీ తోసుకెళ్ళి అక్కడే ఎక్కిస్తారు. పెద్ద డాక్టరుగారు ఇంటి నుంచి అదే చూస్తారు. ఇక వాట్సాప్ అక్కర్లేదు. రోగి వివరాలు వాట్సాప్‌లో పంపడం మంచిది కూడా కాదు. వ్యక్తిగత సమాచారాన్ని కాపాడటానికి 2023లో చట్టమే వచ్చింది. పొద్దున వచ్చే సిస్టర్ కూడా అదే తెర చూసి డ్యూటీ తీసుకుంటారు. రిపోర్టు బుక్కులో బీపీ రాయనక్కర్లేదు. ఒక నెల ఇలా నడవనివ్వండి. తప్పులు సరిదిద్దుకోండి. నెల తిరిగాక ఆ కాగితం చార్టు ఆపెయ్యండి. అప్పుడు రెండో చార్టు జోలికి వెళ్ళండి.

నెల తర్వాత కూడా "ఎందుకైనా మంచిది, కాగితం కూడా ఉంచండి" అనే మాట వినిపిస్తుంది. యజమాని డాక్టరుగారే అంటారు. ఆ భయం అర్థం చేసుకోదగ్గదే. కరెంటు పోతే? కంప్యూటర్ ఆగిపోతే? దానికి జవాబు ఇన్వర్టర్. సిగ్నల్ లేకపోయినా రాసుకోనిచ్చే యాప్. ఇంకా ఒక డజను ఖాళీ చార్టులు బీరువాలో. అవి యంత్రం ఆగిన రోజుకు. రోజూ రెండు చోట్లా రాయడం ఆ భయానికి మందు కాదు. రెండు చోట్లా రాస్తే రెండూ సగం సగం నిండుతాయి. ఏది సరైనదో ఎవరూ చెప్పలేరు.

సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్ళు వచ్చినప్పుడు డాక్టర్లు సాధారణంగా ధర అడుగుతారు. ఇంకేమేం చేస్తుందని అడుగుతారు. ముందు అడగాల్సింది వేరే ఉంది. "ఇది కొంటే ఏ రిజిస్టరు మూసెయ్యొచ్చు?" అని అడగాలి. పేరు పెట్టి చెప్పలేకపోతే కొనడం ఆపాలి. ఆ బేరం దగ్గర సీనియర్ సిస్టర్ ఒకరు తప్పకుండా ఉండాలి. రాత్రి రెండింటికి వాడేది ఆవిడే. కొన్ని సాఫ్ట్‌వేర్‌లలో ఎర్ర చుక్క గుర్తున్న గడులు ఉంటాయి. అవన్నీ నింపితే గాని పేజీ ముందుకు కదలదు. పాము కరిచిన మనిషిని తీసుకొచ్చినప్పుడు ఆయన చదువెంత, వృత్తేమిటి అని నింపుతూ కూర్చోవాలా? ఆ గడులు తర్వాతైనా నింపుకోవచ్చు. అలా మార్చి ఇమ్మని అడిగే హక్కు కొనేవాళ్ళకు ఉంది.

పాస్‌వర్డ్ సంగతి కూడా చెప్పాలి. కొన్నిచోట్ల వార్డు మొత్తానికి ఒకటే పాస్‌వర్డ్. కాగితం మీద రాసి తెర పక్కన అంటిస్తారు. అందరి రాతా ఒకరి పేరు మీదే పోతుంది. రేపు ఒక మందు తప్పు పడితే, ఆ రాత్రి డ్యూటీలో లేని సిస్టర్ మీద నింద పడుతుంది. ఎవరి పాస్‌వర్డ్ వాళ్ళకు ఉండాలి. అది సిస్టర్ల రక్షణ కోసమే. నేర్పే సమయం కూడా డ్యూటీలో భాగంగా లెక్కెయ్యాలి. పన్నెండు గంటల డ్యూటీ చేసిన మనిషిని ఇంకో గంట ఉండి కంప్యూటర్ నేర్చుకొమ్మంటే ఆ నేర్పు తలకెక్కదు.

కొన్ని కాగితాలు కాగితాలుగానే ఉంటాయి. ఆపరేషన్‌కు ఒప్పుకుంటూ పెట్టే సంతకం లేదా వేలిముద్ర అలాంటిది. ఫారం ఎఫ్ రికార్డు రెండేళ్ళు ఉంచాలి. చేరిన రోగుల రికార్డులు, చికిత్స మొదలైన నాటి నుంచి మూడేళ్ళు ఉంచాలని 2002 నాటి వైద్య మండలి నిబంధన చెబుతోంది. రోగి గాని, ఆయన తరఫువాళ్ళు గాని అడిగితే 72 గంటల్లో కాపీ ఇవ్వాలని కూడా అందులోనే ఉంది. వింటున్నవారిలో ఎవరికైనా కేస్ షీటు కాపీ కావాలంటే మొహమాటపడకుండా అడగండి. అటకమీద మూటల్లో వెతికి ఇవ్వడానికి మూడు రోజులు పడుతుంది. రాసినది ఒక్కచోటే, సరిగ్గా ఉంటే మూడు నిమిషాలు పడుతుంది.

ప్రభుత్వ పోర్టళ్ళ సంగతి ఒక్క నర్సింగ్ హోమ్ చేతిలో లేదు. వైద్యసేవ, నిక్షయ్, ఆసుపత్రి సాఫ్ట్‌వేర్ ఒకదానితో ఒకటి మాట్లాడుకునేదాకా పేరూ వయసూ మళ్ళీ కొట్టక తప్పదు. నరసరావుపేట, మాచర్ల, గురజాల డాక్టర్లు కలిసి అడిగితే వినేవాళ్ళుంటారు. ఏఎన్ఎమ్‌లు, అంగన్‌వాడీలు ఇప్పటికే అడుగుతున్నారు. వాళ్ళ గొంతుకు డాక్టర్ల గొంతు తోడైతే బలం పెరుగుతుంది.

ఈలోగా మన వార్డులో పని తగ్గిందో లేదో తెలుసుకోవడానికి పెద్ద లెక్కలు అక్కర్లేదు. సిస్టర్ డ్యూటీ దిగే టైము చూస్తే చాలు. పొద్దున ఎనిమిదికి దిగాల్సిన మనిషి ఎనిమిదింబావుకో, ఎనిమిదిన్నరకో బయటపడుతుంటే, ఆ ఆలస్యం చాలాసార్లు రాత వల్లే. రాత్రంతా రాయలేకపోయినవి అప్పుడు పూర్తి చేస్తుంటారు. దానికి జీతం ఉండదు. ఊరికి వెళ్ళే బస్సు కూడా పోతుంది. యజమాని డాక్టర్లు ఒక నెల పాటు ఆ టైము రాయించి పెట్టుకోవాలి. చార్టు ఆపిన తర్వాత ఇంకో నెల రాయించాలి. రెండు నెలలూ పక్కపక్కన పెట్టి చూడాలి. తేడా రాకపోతే సాఫ్ట్‌వేర్ కంపెనీ మనిషిని పిలిపించండి. సిస్టర్‌ను పక్కన కూర్చోబెట్టుకోండి. ఏ గడి ఎందుకు నింపాలో, దేన్ని తీసెయ్యొచ్చో ఒక్కొక్కటిగా అడగండి.